ఇన్‌టేక్ వేయించుకునే మస్టాంగ్ వాళ్ళూ, డైనో షీటు మీద ఆ మూడక్షరాలు చూడండి

నా కారుకు ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్ళే గొట్టం, ఫిల్టర్) వేసిన షాపు నుంచి ఈ మధ్యాహ్నమే వచ్చాను. కోపం తగ్గకముందే రాస్తున్నాను, వరస తప్పితే సర్దుకుని చదవండి. డాలస్ చుట్టుపక్కల వీకెండ్ కార్ మీట్‌లకు వచ్చే మనవాళ్ళకు ఆ షాపు తెలుసు, "అన్నా అన్నా" అంటూ భుజం మీద చెయ్యేసి మాట్లాడే ఆ మనిషీ తెలుసు. పేరు రాయను.

నాది 2019 మస్టాంగ్ జీటీ, మాన్యువల్. 5.0 లీటర్ల వీ8, కంపెనీ లెక్కలో 460 హార్స్‌పవర్. చక్రాల దగ్గర కొలిస్తే అంత రాదు, మధ్యలో గేర్‌బాక్సు, యాక్సిల్ కొంత తినేస్తాయి. నాది 402 వచ్చింది. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ వేసి, ట్యూన్ చేసి (అంటే కారు కంప్యూటర్‌లోని ఫైలు మార్చి), ముందూ తర్వాతా డైనో మీద, అంటే చక్రాల దగ్గర పవర్ కొలిచే యంత్రం మీద, కొలిచి చూపిస్తానన్నాడు. "మా ఇంటి కారులా చూసుకుంటా అన్నా" అన్నాడు. మొత్తం 1,480 డాలర్లు, అందులో ట్యూన్‌కే 600. తర్వాత షీటులో 419 వచ్చింది. 17 హార్స్‌పవర్ పెరిగిందని ఆ రాత్రి మా తమ్ముడికి హైదరాబాద్‌కు ఫోన్ చేసి మరీ చెప్పాను.

నాలుగో రోజు చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. పీ0171, పీ0174 అనే కోడ్‌లు వచ్చాయి. వీ8లో రెండు వైపులా మిశ్రమం పల్చగా ఉంది, గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దాని అర్థం. తీసుకెళ్తే రెండు నిమిషాల్లో కోడ్ చెరిపేసి "అయిపోయింది అన్నా, కొత్త పార్ట్ కదా, అలవాటు పడుతుంది" అన్నాడు. నమ్మాను. మర్నాడు రిజిస్ట్రేషన్ కోసం ఎమిషన్స్ టెస్టుకు (పొగ పరీక్షకు) వెళ్తే మానిటర్లు రెడీ కాలేదని తిప్పి పంపారు. కోడ్ చెరిపితే కారు తనను తాను మళ్ళీ పరీక్షించుకోవడానికి కొన్ని రోజులు నడవాలి, ఆ సంగతి అతనికి తెలియదా? టెక్సస్‌లో 2025 నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కానీ మన కాలిన్, డెంటన్, డాలస్ కౌంటీల్లో ఎమిషన్స్ టెస్టు ఉంది. రెండు రోజులకు లైటు మళ్ళీ వెలిగింది. ఈ నెలాఖరుకు నా స్టిక్కర్ అయిపోతుంది.

అప్పుడు కూర్చుని చదివాను. ముందు చదవాల్సింది.

గాలి వెళ్ళే గొట్టంలో మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉంటుంది. ఆ గొట్టం ఎంత వెడల్పో లెక్కేసి కారు కంప్యూటర్‌లో ముందే పట్టిక రాసి ఉంటుంది. గొట్టం పెద్దదైతే అంతే గాలి సెన్సర్ దగ్గర మెల్లగా కదులుతుంది. సెన్సర్ గాలి తక్కువగా ఉందని చెబుతుంది, కంప్యూటర్ పెట్రోల్ తగ్గిస్తుంది. అందుకే పెద్ద గొట్టం కిట్లకు ట్యూన్ తప్పనిసరి, ఆ పట్టిక మార్చాలి. నాకు వేసిన కిట్ తయారుచేసినవాళ్ళ వెబ్‌సైట్‌లో ట్యూన్ లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని రాసి ఉంది. కారు కంప్యూటర్‌ను చదివే నా ఓబీడీ యాప్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 24 శాతం చూపిస్తోంది, అంటే ఆ తప్పు లెక్కను సరిదిద్దడానికి కంప్యూటర్ అంత పెట్రోల్ అదనంగా కలపాల్సి వస్తోంది. మామూలుగా సున్నాకు అటూ ఇటూ ఐదారులో ఉండాలి. 12:1 కంప్రెషన్ ఉన్న ఇంజిన్‌ను ఇలా పల్చటి మిశ్రమంతో ఫుల్ థ్రాటిల్ తొక్కితే నాక్ వస్తుంది, అంటే మిశ్రమం అదుపు లేకుండా పేలుతుంది, పిస్టన్లు పోతాయి. నేను పది రోజులు తొక్కాను. మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని తొక్కాను.

ట్యూన్ చేశాడు కదా, మరి ట్రిమ్ ఇంత ఎందుకుంది? ఈ కారు కొన్న రోజు తీసిన స్కాన్ నా ఫోన్లో ఉంది. అందులో సీవీఎన్ అనే నంబరు ఉంటుంది, కంప్యూటర్‌లో ఉన్న ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఫైలు మారితే అదీ మారాలి. పాత స్కానూ ఇవాళ్టి స్కానూ పక్కపక్కన పెట్టాను. ఒక్క అంకె కూడా మారలేదు. పొద్దున ఇంకో ట్యూనర్ దగ్గర చదివించాను. లోపల ఉన్నది ఫ్యాక్టరీ ఫైలే అన్నాడు. 600 డాలర్లు తీసుకుని అసలు ట్యూనే ఎక్కించలేదు.

మరి ఆ 17 ఎక్కడిది? అది కూడా ఆ ట్యూనరే చూపించాడు. డైనో షీటు మూలన చిన్న అక్షరాలు ఉంటాయి. నా మొదటి షీటు మీద ఎస్ఏఈ అని ఉంది, రెండో దాని మీద ఎస్‌టీడీ అని ఉంది. ఆ రోజు వేడి, గాలి ఒత్తిడి ఎలా ఉన్నా లెక్కను ఒకే వాతావరణానికి సర్దడానికి డైనో సాఫ్ట్‌వేర్‌లో ఈ కరెక్షన్లు ఉంటాయి. ఎస్ఏఈ 77 డిగ్రీల ఫారెన్‌హీట్ పట్టుకుంటుంది. ఎస్‌టీడీ 60 డిగ్రీలు, కాస్త ఎక్కువ ఒత్తిడి పట్టుకుంటుంది. అదే కారు, అదే పరుగు, ఎస్‌టీడీలో సుమారు 4 శాతం ఎక్కువ కనిపిస్తుంది. 402కు 4 శాతం కలిపి చూడండి. 418. నా 1,480 డాలర్లకు వచ్చింది ఒక్క హార్స్‌పవర్.

ఆ రెండు షీట్లూ పట్టుకుని వెళ్ళాను. అరవలేదు. కౌంటర్ మీద పెట్టి ఆ రెండు చోట్లా వేలు పెట్టి, "ఇది ఎందుకు మారింది?" అని అడిగాను. అతను షీటు వైపు చూశాడు. నా వైపు చూడలేదు. ఫోన్ తీసుకుని ఏదో టైప్ చేస్తూనే, "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా? కోడ్ రాసుకో. కారు పని మాకు తెలుసు" అన్నాడు. అక్కడ ఇద్దరు కుర్రాళ్ళు, ఇంకో కస్టమర్ ఉన్నారు, వాళ్ళు కూడా మన తెలుగువాళ్ళే. ఎస్ఏఈలో ఇంకొక్క పరుగు తీసి చూపించమన్నాను. "మళ్ళీ డబ్బులు కట్టు, తీస్తా" అన్నాడు. సీవీఎన్ గురించి అడిగితే, "యూట్యూబ్ చూసి వచ్చి ఇక్కడ ఇంజినీర్ వేషాలు వేస్తే ఎట్లా?" అని ఆ కుర్రాళ్ళ వైపు తిరిగి నవ్వాడు. వాళ్ళు నవ్వలేదు, తల దించుకున్నారు. వాళ్ళకు తెలుసనిపించింది.

సరే, నా పాత ఎయిర్‌బాక్స్ ఇచ్చేయ్, నేనే బిగించుకుంటాను అన్నాను. "పాత ప్లాస్టిక్ వారం వారం పడేస్తాం" అన్నాడు. నన్ను అడగకుండా నా కారు భాగం పడేశాడు. డబ్బు పోయినదానికంటే నాకు ఇదే ఎక్కువ బాధగా ఉంది. ఆ పెట్టెకు మూత ఉంది, ముందు గ్రిల్ నుంచి చల్లటి గాలి వచ్చేది. ఇప్పుడు ఉన్న ఫిల్టర్ ఇంజిన్ పక్కనే మూత లేకుండా ఉంది. మొన్న బయట 98 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు 635 హైవే మీద ట్రాఫిక్‌లో లోపలికి వెళ్ళే గాలి వేడి 150 డిగ్రీలు దాటింది. వేడి గాలి పల్చగా ఉంటుంది, పవర్ తగ్గుతుంది. పెరిగింది శబ్దం ఒక్కటే.

తప్పు నాదీ ఉంది. 40 వేల మైళ్ళు ఆ కారును చంటిపిల్లలా చూసుకున్నవాణ్ణి, తెలుగు వినబడగానే ఒక్క కాగితం కూడా అడగలేదు.

మీరు ఎవరి దగ్గర చేయించుకున్నా రెండు షీట్లూ ఒకే కరెక్షన్‌లో, ఒకే రోజు తీయించండి. ట్యూన్‌కు ముందూ తర్వాతా సీవీఎన్ ఫొటో తీసుకోండి. విప్పిన భాగం అదే రోజు మీ డిక్కీలో పెట్టించుకోండి. క్రెడిట్ కార్డుతోనే కట్టండి. నేను అలాగే కట్టాను కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్ వేయగలిగాను, ఆ రెండు షీట్లూ స్కాన్లూ జత చేశాను. బ్యాంకువాళ్ళు ఒప్పుకోకపోతే చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టుకు వెళ్తాను, 20 వేల డాలర్ల వరకు అక్కడే వేసుకోవచ్చు.

ఇప్పుడు కారు గరాజ్‌లో ఉంది, తీయడం లేదు. 2018 నుంచి 2023 మధ్య జీటీ ఉన్నవాళ్ళు ఎవరైనా ఇన్‌టేక్ మార్చుకుని పాత ఎయిర్‌బాక్స్, ఆ గొట్టం, సెన్సర్ దాచి ఉంచితే దయచేసి మెసేజ్ పెట్టండి. ఆస్టిన్ అయినా హ్యూస్టన్ అయినా ఈ శనివారమే వచ్చి తీసుకుంటాను.