పిల్లిపిల్ల తుమ్మితే "ఏసీ గాలి" అంటారు, నమ్మకండి

పోయిన నెల హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర పర్షియన్ కూనను కొన్నాం. 14 వేలు. డబ్బు ఇస్తుండగానే రెండుసార్లు తుమ్మింది. "ఏసీ గాలి సార్, రేపటికి పోతుంది" అన్నాడు. కళ్లు కారుతున్నాయేమంటే "పర్షియన్లకు మామూలే" అన్నాడు. ముక్కు చప్పిడి కాబట్టి వాటికి కళ్లు కారడం నిజమే. అందుకే బోల్తా పడ్డాను. అలా కారేవి ఉత్త నీళ్లు. దీని ఎడమ కన్ను మూడో రోజుకు పసుపు పుసితో అంటుకుపోయింది. తిండి మానేసింది. ముక్కు మూసుకుపోయి వాసన తెలియకపోతే పిల్లి ముద్ద ముట్టదట.

ఫోన్ చేస్తే ఏవో కంటి చుక్కలు చెప్పాడు, రెండు రోజులు వేశాం. డాక్టరమ్మ ఆ సీసా చూసి తల పట్టుకుంది. అందులో స్టెరాయిడ్ ఉంది. కంట్లో రంగు చుక్క వేసి నీలి వెలుతురులో చూపిస్తే, నల్లగుడ్డు మీద చెట్టు కొమ్మల్లా పచ్చటి గీతలు. హెర్పిస్ వైరస్ పుండు అలాగే ఉంటుందంది. స్టెరాయిడ్ దాన్ని ఇంకా ముదరబెడుతుంది. నాలుక మీద పుండ్లుంటే కాలిసివైరస్‌ను, తుమ్ములు పెద్దగా లేకుండా కంటి వాపే ఎక్కువైతే క్లమిడియా అనే బ్యాక్టీరియాను అనుమానిస్తారట.

ఈలోగా మా ఇంట్లో ఆరేళ్ల పిల్లి కూడా తుమ్మడం మొదలుపెట్టింది. అమ్మినాయన "మీ పిల్లే అంటించింది" అని ఎదురు తిరిగాడు. కోపం వచ్చి, వైరస్ ఉందో లేదో చెప్పే పీసీఆర్ పరీక్ష చేయిద్దాం, రుజువు చూపిద్దాం అన్నాను. డాక్టరమ్మ వద్దంది. పైకి ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో కూడా ఈ వైరస్‌లు దొరుకుతాయి. హెర్పిస్ ఒకసారి సోకితే నరాల్లో దాక్కుని, పిల్లి బెదిరినప్పుడల్లా పైకి వస్తుంది. పాజిటివ్ వచ్చినా ఎవరి నుంచి ఎవరికో తేలదు. "ఆ డబ్బు కంటికి పెట్టండి" అంది.

టీకా కార్డు అప్పుడు తీసి చూశాను. ఎనిమిది వారాల కూనకు రెండు డోసులూ అయిపోయాయని రాసి ఉంది! మొదటిది ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేసి, మూడు నాలుగు వారాలాగి రెండోది వేస్తారు. మందు సీసా స్టిక్కర్ లేదు, డాక్టర్ ముద్ర లేదు. కొనేముందు చూడాల్సింది, నా తప్పే.

కొనేవాళ్లు నోరు తెరిచి నాలుక చూడండి, అక్కడున్న మిగతా పిల్లుల ముక్కులూ చూడండి. డాక్టర్‌కు చూపించాకే డబ్బు అంటే ఒప్పుకోని చోట కొనకండి. ఇంట్లో వేరే పిల్లి ఉంటే రెండు వారాలు వేరే గది, వేరే గిన్నెలు, వేరే ఇసుక ట్రే. కాలిసివైరస్ గచ్చు మీద వారాల తరబడి బతుకుతుంది, నీళ్లు కలిపిన బ్లీచ్‌తో తుడవాలి. ఫినాయిల్ వద్దు, పిల్లులకు విషం. జ్వరమని పారాసిటమాల్ అసలే వద్దు, సగం బిళ్లకే ప్రాణం పోవచ్చు.

కూన ఇప్పుడు తింటోంది. ఎడమ కంట్లో తెల్ల మచ్చ మిగిలింది. ఆయన నా నంబర్ బ్లాక్ చేశాడు. నిన్న మా ఆవిడ ఫోన్‌లో ఆయన స్టేటస్ చూశాం: దీని తోబుట్టువులు రెండు అమ్మకానికి ఉన్నాయి, ఒకదానికి కన్ను సగమే తెరుచుకుంది.