బౌల్డర్ లూప్: కాంకమాగస్ దారి పక్కన మూడు మైళ్ల రంగుల నడక

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో శరత్తులో మారే ఆకుల రంగులు చూడబోయేవారిలో చాలామంది లింకన్ నుంచి కాన్వే వరకు సుమారు 34 మైళ్లు సాగే కాంకమాగస్ రహదారి మీద కారులో వెళుతూ, వ్యూపాయింట్ల దగ్గర కాసేపు ఆగి తిరిగి వచ్చేస్తారు. మేమూ రెండేళ్లు అలాగే చేశాం. ఈసారి అక్టోబరు రెండో వారంలో అదే రహదారికి కాన్వే వైపు ఉన్న బౌల్డర్ లూప్ అనే కాలిబాట ఎక్కిన తరువాత, ఆ రంగులను రోడ్డు మీద నుంచి చూడటం వేరు, వాటి నడుమ నడిచి కొండ అంచు నుంచి చూడటం వేరు అని తెలిసింది.

రహదారి వదిలి, స్విఫ్ట్ నది మీద 1858లో కట్టిన ఆల్బనీ చెక్క వంతెన దాటితే కాలిబాట మొదలవుతుంది. పైకప్పు ఉన్న ఆ వంతెన దగ్గర జనం బాగానే ఉన్నారు కాని, బాటలోకి వచ్చినవారు తక్కువ. మొత్తం నడక సుమారు మూడు మైళ్లు, ఎక్కవలసిన ఎత్తు దాదాపు వెయ్యి అడుగులు. కొద్ది దూరంలోనే, నాచు పట్టిన పెద్ద పెద్ద బండల మధ్య, బాట రెండుగా చీలుతుంది. మేము ఎడమకు తిరిగాం. కింద బీచ్, బర్చ్ చెట్ల పసుపు వెలుగులో నడిచాం. పైకి వెళ్లేకొద్దీ మేపుల్ ఎరుపు, దాని వెనుక స్ప్రూస్ ముదురు ఆకుపచ్చ కలిశాయి. పసుపు ఆకులో మొదటినుంచీ ఉండేదే, పత్రహరితం తగ్గినప్పుడు బయటపడుతుంది. ఎరుపు మాత్రం శరత్తులో కొత్తగా తయారవుతుంది, అందుకే ఎండ కాసిన పగళ్లు, గడ్డకట్టనంత చలి ఉన్న రాత్రులు వరుసగా వచ్చిన ఏడాది అది మరింత చిక్కగా ఉంటుంది. మన ఋతువుల లెక్కలో ఆకులు రాలేది శిశిరంలో కనుక, శరత్తులోనే అడవి అంతా మోదుగు పూసినట్టు మండిపోవడం నాకు ఇన్నేళ్లయినా వింతగానే ఉంటుంది.

ప్రధాన బాట నుంచి చీలిన చిన్న దారి రాతి అంచు దగ్గరకు తీసుకువెళుతుంది. స్విఫ్ట్ నది లోయ అంతా కాళ్ల కింద పరుచుకుని, దక్షిణాన చొకోరువా శిఖరం కనిపిస్తుంది. మేము అక్కడ గంటసేపు కూర్చున్నాం. అంచున కంచె లేదు కాబట్టి చిన్నపిల్లల చేయి వదలకూడదు. దిగేటప్పుడు రాలిన ఆకులు రాళ్లను, వేళ్లను కప్పేయడం వల్ల మా అత్తయ్యగారు రెండుసార్లు జారారు. చేతికర్ర తప్పక తీసుకువెళ్లాలి. వేట కాలం కూడా అదే కనుక నారింజ రంగు చొక్కా వేసుకోవడం మంచిది.

బస విషయంలో నేను తప్పు చేశాను. నార్త్ కాన్వేలో ఒక సత్రంలో రెండు రాత్రులకు ముందే డబ్బు కట్టాను. గది శుభ్రంగానే ఉంది కాని, హీటర్ రాత్రంతా పనిచేయలేదు, ఫిర్యాదు చేస్తే ఒక దుప్పటి ఇచ్చారు. గది అద్దె మీద రాష్ట్రపు పన్ను 8.5 శాతం అదనమని లెక్కలో వేసుకోవాలి. చలికి సిద్ధమైనవారికి కాలిబాట పక్కనే ఉన్న అటవీశాఖ కవర్డ్ బ్రిడ్జ్ క్యాంప్‌గ్రౌండ్ ఇంతకన్నా మేలు.

కాంకమాగస్ మీద పెట్రోలు బంకు లేదు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు. దగ్గరలోని రాకీ గార్జ్, లోయర్ ఫాల్స్ దగ్గర కారు ఆపడానికి మేము 5 డాలర్ల పాస్ తీసుకున్నాం. జాతీయ ఉద్యానాల వార్షిక పాస్ ఉంటే అదీ చెల్లుతుంది. అక్టోబరు రెండో సోమవారం సెలవుతో కలిసి వచ్చే కొలంబస్ డే వారాంతంలో మాత్రం, రద్దీ వల్ల, ఈ దారికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. మేము వెళ్లేసరికి రాతి అంచు దగ్గర మేపుళ్లు సగం రాలిపోయాయి కనుక, వచ్చే ఏడాది సెప్టెంబరు చివరి వారంలో, వారం మధ్య రోజున, పొద్దున్నే బయలుదేరాలనుకుంటున్నాం.