ఇష్ మీద కోపం రాని పాఠకుణ్ణి నేనింకా చూడలేదు

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 2003లో కొన్నాను ఈ 'ఎర్త్ అబైడ్స్'. నలభై రూపాయలు. అప్పటికే ఎవరో చదివి నలిపేసిన పేపర్‌బ్యాక్. ఇప్పటికి నాలుగుసార్లు చదివాను, ఓ పదిమందికి ఇచ్చాను, రెండుసార్లు వెన్నుకి టేపు వేశాను. అక్షరాలు చీమ తలకాయలంత. నలభై దాటినవాళ్ళు కళ్ళజోడు దగ్గర పెట్టుకుని కూర్చోవాల్సిందే.

రాసింది జార్జ్ ఆర్. స్టీవార్ట్, కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఇంగ్లీషు ప్రొఫెసరు. 1949 నాటి నవల. కొండల్లో ఒంటరిగా ఉన్న ఇష్ అనే కుర్రాణ్ణి పాము కరుస్తుంది. కోలుకుని కిందికి దిగేసరికి ఏదో అంటురోగానికి జనం దాదాపు అందరూ పోయి ఉంటారు. బాంబుల్లేవు, దెయ్యాల్లా తిరిగే శవాల్లేవు. మిగిలిన కొద్దిమంది ఒక వీధిలో కాపురాలు పెడతారు, పిల్లల్ని కంటారు, డబ్బాల్లో ఆహారం తింటూ బతికేస్తారు. అంతే కథ. థ్రిల్లర్ అనుకుని తీసుకున్నవాళ్ళు యాభయ్యో పేజీ దగ్గరే తిరిగి ఇచ్చేశారు. వాళ్ళని తప్పుపట్టను.

మా నాన్నగారు కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. నవలలు చదివే మనిషి కాదు. మనుషులు పోయాక కూడా వీధిదీపాలు వెలుగుతూనే ఉంటాయి ఇందులో అంటే, 'ఏదీ, ఇలా ఇవ్వు' అని తీసుకున్నారు. చదివి, 'థర్మల్ అయితే బొగ్గు అందించేవాడు లేక ముందే ఆగిపోతుంది. హైడల్ అయితే నీళ్ళు వస్తున్నంతసేపూ తిరుగుతుంది. ఏ బేరింగో పట్టేసేదాకా' అన్నారు. కాసేపాగి, 'తెలుసుకునే రాశాడు' అన్నారు. ఒక రచయితని ఆయన మెచ్చుకోగా విన్నది అదొక్కసారే.

నాకు నచ్చేది మధ్యమధ్యలో కథ ఆపి, మనిషి లేకపోతే మిగతా జీవాల గతేమిటో చెప్పే చిన్న భాగాలు. చీమలు ఊరంతా కమ్మేసి ఉన్నట్టుండి మాయమవుతాయి. తర్వాత ఎలుకల వంతు. మనిషి పోయినందుకు మనస్ఫూర్తిగా ఏడవాల్సింది పేలే అని ఒకచోట వెక్కిరిస్తాడు.

కుళాయి సంగతి మాత్రం విడిగా చెప్పాలి. రోగం వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా కుళాయిల్లో నీళ్ళు వస్తూనే ఉంటాయి. ఎక్కణ్ణించి వస్తున్నాయో ఎవరూ పట్టించుకోరు. ఒకరోజు ఆగిపోతాయి. మొదటిసారి చదివినప్పుడు ఆ పేజీ అంచున పెన్సిల్‌తో 'బోరు' అని రాసుకున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా విశాఖని ఊడ్చేశాక మళ్ళీ చదివాను. అప్పటికి రోజుల తరబడి కరెంటు లేక, మోటారు ఆడక, మూడో అంతస్తుకి బకెట్లు మోసి భుజాలు పడిపోయి ఉన్నాయి. ఆ పెన్సిల్ రాత కనబడి నవ్వొచ్చింది. మా అపార్ట్‌మెంట్ మీటింగుల్లో ఏళ్ళుగా నానుతున్నది కూడా ఆ రెండక్షరాలే. వేయిద్దాం, వేయిద్దాం అని.

ఇక ఇష్ సంగతి. నాతో పనిచేసే సివిల్ ఇంజనీరు ఒకాయన పుస్తకాన్ని నా టేబుల్ మీద దాదాపు విసిరేసి, 'ఊళ్ళోనే యూనివర్సిటీ లైబ్రరీ ఉంది, ఇంటినిండా పిల్లలున్నారు, ఇరవై ఏళ్ళ టైముంది. ఏం చేశాడండీ ఈ మహానుభావుడు?' అన్నాడు. బడి పెడతాడు, పిల్లలకి చదువు ఎక్కదు, వదిలేస్తాడు. వచ్చే ఏడు చూద్దాం అనుకుంటాడు. మొదటిసారి నాకూ ఒళ్ళు మండింది. లాక్‌డౌన్‌లో నాలుగోసారి చదువుతున్నప్పుడు మా అమ్మాయికి పదకొండేళ్ళు. స్కూల్లో రెండో భాష హిందీ. 'ఈ వేసవికి నీకు గుణింతాలు నేర్పేస్తా' అని అప్పటికి ఎన్ని వేసవులు అన్నానో! ఇప్పుడు దానికి పదహారేళ్ళు. సినిమా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటేనే చదువుతుంది. అందుకే ఇంజనీరుగారితో గట్టిగా వాదించలేకపోయాను.

ఆ అమ్మాయే ఈ మధ్య నవల పూర్తి చేసింది. దానికి కోపం ఇష్ మీద మాత్రమే కాదు, రచయిత మీద కూడా. 'ఇష్ భార్య ఎమ్‌ని అందరూ దేవత అంటారు. ఆవిడేమో వండుతుంది, కంటుంది. అంతకుముందు ఎవరో, ఏం చేసేదో ఒక్క ముక్క లేదు.' ఎమ్ నల్లజాతి మూలాలున్న మనిషని రచయిత సూచిస్తాడు కదా, కాలిఫోర్నియాలో తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ పెళ్ళిళ్ళపై నిషేధాన్ని కోర్టు కొట్టేసిందే 1948లో, ఆ రోజులకి అది సాహసమే అని చెప్పాను. 'అయితే ఏంటి నాన్నా?' అంది. ఆ గుంపులోనే ఉన్న, మతి నిలకడ లేని ఈవీని రచయిత ఒక వస్తువులా చూశాడంది. అదీ నిజమే. ఇరవై ఏళ్ళలో నేను పట్టించుకోలేదు.

చార్లీ అనే కొత్త మనిషి వచ్చే ఘట్టం దగ్గర మాత్రం పుస్తకం తీసుకున్న ప్రతివాళ్ళూ నాకు ఫోన్ చేస్తారు. అతని విషయంలో ఇష్ వాళ్ళు తీసుకున్న నిర్ణయం న్యాయమేనా అని. ఒకరిద్దరు అర్ధరాత్రి కూడా చేశారు.

పుస్తకం ఇప్పుడు పై పోర్షన్‌లో అద్దెకుండే కుర్రాడి దగ్గరుంది. నిన్న మెట్ల దగ్గర కనబడి, 'సార్, కుళాయిలు ఆగిపోయేదాకా వచ్చాను' అన్నాడు. అంటే చార్లీ ఇంకా రాలేదు. 'నెమ్మదిగా చదవండి, తొందరేం లేదు' అని ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోడానికి లోపలికొచ్చేశాను.