ముప్పై రెండేళ్ళ తరువాత సాగర్‌లో మూడు రోజులు

మావారు నీటిపారుదల శాఖలో పనిచేసిన రోజుల్లో, 1986 నుంచి 1993 దాకా, మేము నాగార్జునసాగర్ హిల్ కాలనీలో కాపురం ఉన్నాము. మా పిల్లలిద్దరూ నడక నేర్చుకున్నది అక్కడి క్వార్టరు వసారాలోనే. మళ్ళీ ఒకసారి చూసి రావాలన్న కోరిక ఏళ్ళ తరబడి వాయిదా పడుతూ, చివరకు 2025 మే నెలలో తీరింది. సాగర్ బండల మీద మే ఎండ ఎలా కాస్తుందో తెలిసి కూడా బయలుదేరడం తెలివైన పని కాదు. కాని ఇద్దరికీ తీరిక కుదిరింది అప్పుడే.

హైదరాబాదు నుంచి సుమారు 150 కిలోమీటర్లు. బస్సు ప్రయాణం గురించి చెప్పుకోవలసినంత ఇబ్బంది లేదు. బస విషయంలోనే మొదట పొరపాటు చేశాము. అద్దె తక్కువని బస్సులు ఆగే చోటికి దగ్గరగా ఒక లాడ్జిలో దిగితే, ఏసీ అర్ధరాత్రి దాకా వేడిగాలే కొట్టింది, అడిగితే కుర్రవాడు వచ్చి రిమోట్‌లో బ్యాటరీలు మార్చి వెళ్ళాడు. మర్నాడు జలాశయం ఒడ్డున ఉన్న మరో బసకు మారాము. గదులు పాతవి, కుళాయిలో నీళ్ళు సాయంత్రం ఆరింటికి కూడా మరిగినట్లే వచ్చేవి, క్యాంటీనులో చెప్పిన భోజనం రావడానికి ముప్పావు గంట పట్టింది. అయినా తెల్లవారి వరండాలో కూర్చుంటే ఎదురుగా నీరు, దాని చుట్టూ కొండలు, ఆ కొండల మీద నీటిమట్టం దిగిన కొద్దీ ఒకదాని కింద ఒకటిగా మిగిలిన చారలు కనబడతాయి. నిండితే 590 అడుగులు ఉండే జలాశయం వేసవిలో ఎంత దిగిపోయిందో ఆ చారలే చెబుతాయి. నా మటుకు అద్దె ఎక్కువైనా ఒడ్డునే దిగమంటాను. జనరేటరు మీద ఏసీ నడుస్తుందో లేదో మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి.

ఉద్యోగుల కుటుంబాలవాళ్ళం కాబట్టి ఆ రోజుల్లో సాయంత్రం ఆనకట్ట మీదికి షికారుకు వెళ్ళేవాళ్ళం. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట ఇప్పుడు రెండు రాష్ట్రాల సరిహద్దు. 2023 నవంబరు చివరలో నీటి తగాదా ముదిరి దాని మీద ముళ్ళకంచె కూడా పడింది. గేటు దగ్గర మావారు పాత ఉద్యోగినని చెప్పుకున్నా కాపలా జవాను మర్యాదగానే వెనక్కి పంపాడు. దిగువనున్న వంతెన మీద ఆటో ఆపించుకుని అక్కడి నుంచే గేట్ల వరుసను చూశాము. ఎత్తిపోతల జలపాతం దగ్గర ఆ రోజు సన్నని ధారే ఉంది. అది వానల తరువాత చూడవలసిన చోటు.

బుద్ధవనం అనే బౌద్ధ ఉద్యానవనం మా కాలంలో లేదు, 2022లో తెరిచారు. అమరావతి స్తూపం నమూనాలో కట్టిన మహాస్తూపం, దాని చుట్టూ చెక్కిన శిల్పాలు శ్రద్ధగా చేసినవే. అయితే 274 ఎకరాల ఆవరణలో నీడ బహు తక్కువ. ఉదయం తొమ్మిదిలోపు కాని, పొద్దు వాలాక కాని వెళ్ళాలి.

ఈ ప్రయాణంలో మమ్మల్ని నిజంగా నిలబెట్టింది నాగార్జునకొండ. ఏడేళ్ళు ఉండి కూడా చుట్టాలు వస్తే తప్ప మేము అటు వెళ్ళలేదు, వెళ్ళినా పిల్లల ఏడుపులతో తిరిగి వచ్చేవాళ్ళం. జలాశయంలో లోయ మునగక ముందు 1954–60 మధ్య తవ్వి తీసిన ప్రాచీన కట్టడాల్లో కొన్నింటిని దీవిగా మిగిలిన కొండ మీదికి చేర్చి, మళ్ళీ కట్టారు. విజయపురి సౌత్ నుంచి లాంచీ. జనం పోగయ్యే దాకా అది కదలదు కాబట్టి ఒక పూట దానికే కేటాయించుకోవాలి. కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. సున్నపురాయి ఫలకాల ముందు ఒక్కొక్కచోట పది నిమిషాలు నిలబడ్డాము, ఈసారి తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు.

చివరి రోజు పొద్దున మా పాత క్వార్టరుకు వెళ్ళాము. వసారాకు గ్రిల్లు పెట్టారు, పెరట్లో వేపచెట్టు లేదు, బట్టలుతికే బండ మాత్రం మూల విరిగినది విరిగినట్లే ఉంది. ఆ మూల విరగ్గొట్టింది మా పెద్దవాడు. ఇంట్లో ఉన్న అమ్మాయి మమ్మల్ని లోపలికి పిలిచి, మజ్జిగ ఇచ్చి, కాసేపు తటపటాయించి, "ఇక్కడ నీళ్ళు బంద్ చేసే వాల్వు ఎక్కడుందో మీకేమన్నా తెలుసా సార్? మూడేండ్ల నుంచి వెతుకుతున్నం" అని అడిగింది. మావారు గ్లాసు కింద పెట్టి, బండ నుంచి గోడ వైపు నాలుగడుగులు కొలిచి, అక్కడ కర్రతో మన్ను తవ్వితే జానెడు లోతున తుప్పు పట్టిన ఇనుప మూత బయటపడింది.