గురక జబ్బుకు మాస్కు మిషనా, నోటి పరికరమా?

షుగరున్నవాళ్లకు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే డాక్టర్లు ఎక్కువగా చెప్పేవి రెండు: మాస్కుతో గాలి పంపే సీపాప్ మిషను, కింది దవడను ముందుకు పట్టి ఉంచే నోటి పరికరం. నిద్ర పరీక్షలో గంటకు 30 సార్లు, ఆపైన ఊపిరి ఆగడమో తగ్గడమో కనిపిస్తే సీపాప్‌కే మా ఓటు. 5 నుంచి 30 లోపైతే నోటి పరికరం గురించీ అడగొచ్చు.

సీపాప్ గాలి ఒత్తిడితో గొంతు మూసుకోకుండా చూస్తుంది. బీపీ సగటున 2-3 పాయింట్లు దిగుతుంది. అయితే గుండెజబ్బో పక్షవాతమో అప్పటికే ఉన్నవాళ్లపై చేసి 2016లో ప్రచురించిన సేవ్ అధ్యయనంలో కొత్త గుండెపోట్లేమీ తగ్గలేదు. వాళ్లు మాస్కు పెట్టుకున్నది రాత్రికి సగటున 3.3 గంటలే మరి! చాలామందికి ఊపిరి ఎక్కువగా ఆగేది తెల్లవారుజాము కలల నిద్రలో. అప్పటికి మాస్కు మంచం కింద ఉంటుంది.

సీపాప్ గాలికి తేమ పట్టించే నీళ్ల డబ్బాలో నల్లగొండ బోరు నీళ్లు పోస్తే నాలుగు రోజుల్లో తెల్లటి పెచ్చు కడుతుంది. డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఇన్వర్టరు మీద నడిపేటప్పుడు ఆ నీళ్లను వేడిచేసే హీటరు ఆపితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. గుబురు మీసాలుంటే గాలి లీకవుతుంది. ముక్కు రంధ్రాల దగ్గర ఆనే పిల్లో మాస్కు అడగండి.

నోటి పరికరానికి కరెంటు గొడవ లేదు. కాకపోతే షుగరు వల్ల చిగుళ్లు వదులై పళ్లు కదులుతుంటే అది నిలవదు. ముందు పళ్ల డాక్టరుకు చూపించాలి. దవడను వారాల తరబడి కొద్దికొద్దిగా ముందుకు జరిపాక, పరికరం పెట్టుకునే మళ్లీ నిద్ర పరీక్ష చేయించాలి; గురక ఆగినా ఊపిరి ఆగుతూనే ఉండొచ్చు.