వెనామీ అసలు పేరేమిటి? వర్మ్స్ సైటు మీద నా మాట

కాకినాడలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఆక్వా ప్రాజెక్టు రిపోర్టులు దిద్దే రోజుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా తెరిచి ఉంచుకునే సైటు వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీసీస్, అంటే సముద్రజీవుల శాస్త్రీయ నామాల పట్టిక. అందరూ వర్మ్స్ అంటారు. వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు.

మొన్న ఒకమ్మాయి వెనామీ రొయ్య మీద రాసిన రిపోర్టు అట్ట మీద లిటోపీనియస్ వెనామీ, లోపల పీనియస్ వెనామీ. "ఏది తప్పు మేడమ్?" అంది. మొదటిది తనచేతే వర్మ్స్‌లో వెతికించాను. అది ఇప్పుడు చెల్లదని, పీనియస్ వెనామీ, బూన్, 1931 (పేరు పెట్టినవారు, సంవత్సరం) అని రాయాలని సైటు చూపించింది. 1997లో ఉపప్రజాతులను (సబ్‌జీనస్) ప్రజాతులుగా (జీనస్) పెంచినప్పుడు లిటోపీనియస్ వాడుకలోకొచ్చింది. 2011లో జన్యు ఆధారాలతో అన్నిటినీ మళ్లీ పీనియస్‌లోనే కలిపేయమన్నారు. లిటోపీనియస్ పక్కన బూన్ పేరు కుండలీకరణాల్లో ఉంటుంది, పీనియస్ పక్కన ఉండదు. జాతి (స్పీసీస్) మొదట పెట్టిన ప్రజాతిలోంచి వేరేదానికి మారిందని చెప్పే గుర్తు అది. పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

నాకున్న అసంతృప్తి ఒకటే. పేరు ఎందుకు మారిందో ఒకటి రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మన నీలకంఠ రొయ్యనే తీసుకోండి, మాక్రోబ్రాకియం రోజెన్‌బర్గి. 1879లో డి మాన్ ఆ పేరు పెట్టింది న్యూగినీ నమూనాకు. 2007లో వోవోర్, ఇంగ్ అనే పరిశోధకులు ఆ పేరుతో పిలిచేవి నిజానికి తూర్పు, పడమర రెండు జాతులని తేల్చారు. నియమం ప్రకారం ఆ పేరు న్యూగినీ వైపున్న తూర్పుదానికే పోవాలి, మన చెరువుల్లోది డాక్వెటి కావాలి. దశాబ్దాల వాడుక చెదిరిపోతుందని అంతర్జాతీయ నామకరణ కమిషన్ 2010లో కలగజేసుకుని మనదానికి రోజెన్‌బర్గినే ఉంచింది. తూర్పుదానికి పెట్టిన కొత్త పేరు వాలేసీ కూడా నిలవలేదు. 1902 నాటి స్పినిపెస్ బయటపడింది, పాత పేరుకే పెద్దరికం. ఇంత కథ పిల్లలకు అందాలంటే పరిశోధన పత్రాలు తిరగేయాల్సిందే.

అయినా నేను వర్మ్స్‌నే వాడమంటాను. పేర్లు మారుతుంటాయి కాబట్టి చూసిన తేదీ రిపోర్టులో తప్పక రాయండి.

ఆ అమ్మాయి అట్ట సరిచేసుకుని మండపీత పేజీ తెరిచింది. సిల్లా సెర్రేటా పక్కన కుండలీకరణాల్లో ఫోర్స్కాల్, 1775. "అయితే దీన్ని మొదట ఎందులో పెట్టారు మేడమ్?" అని తనే కిందికి జరిపి చూసింది. కాన్సర్ సెర్రేటస్.