అంకెను చూసే ముందు మనిషిని చూడాలి: గుండె మానిటర్‌తో తొమ్మిదేళ్లు

గుండె వార్డులో తొమ్మిదేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మంచం పక్కన ఉండే మానిటర్, మెడలో వేసుకుని నడిచే, గుండె గీతను దూరంగా ఉన్న తెరకు పంపే చిన్న టెలిమెట్రీ డబ్బా రెండూ వాడాను. యంత్రం మంచిదే. తెర మీద గీతను నమ్ముతాను. పక్కనే పెద్దగా కనిపించే గుండె వేగం అంకెను (నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో) మాత్రం వెంటనే నమ్మను.

ఒక నైట్ డ్యూటీలో 144 అని మెరుస్తూ అలారం మోగింది. పరుగున వెళ్తే పేషెంట్ దిండుకు ఆనుకుని తాపీగా కూర్చున్నారు. "ఏంటి సిస్టర్, ఇందాకటి నుంచి ఒకటే మోత" అని ఆయనే విసుక్కున్నారు. మణికట్టు పట్టుకుని నిమిషం నిండా లెక్కపెట్టాను. 72. సరిగ్గా సగం! తెర మీద టీ వేవ్ (గుండె కొట్టుకున్నాక వెంటనే వచ్చే గుండ్రటి అల) దాదాపు క్యూఆర్ఎస్ (కొట్టుకున్నప్పుడు వచ్చే నిటారు శిఖరం) అంత ఎత్తు లేచింది. యంత్రం రెండింటినీ లెక్కేసుకుంది. వేరే లీడ్‌కు (గుండెను ఇంకో కోణం నుంచి చూపే గీతకు) మార్చగానే 72 చూపించింది. పొటాషియం పెరిగినా టీ వేవ్ అలా లేస్తుంది కాబట్టి డ్యూటీ డాక్టర్‌కు చెప్పాం, ఆయన 12 లీడ్ల ఈసీజీ తీయించారు.

ఇది టెన్షన్ పెట్టే తప్పు మాత్రమే. పేస్‌మేకర్ (గుండెను కొట్టించే చిన్న పరికరం) ఉన్నవాళ్లలో జరిగేది ప్రాణం మీదికి తెచ్చే తప్పు. గుండె స్పందించకపోయినా, పేస్‌మేకర్ వదిలే స్పైక్‌నే (చిన్న కరెంటు పోటునే) గుండె కొట్టుకోవడంగా లెక్కేసి మానిటర్ మామూలు అంకె చూపించే ప్రమాదం ఉంది. అప్పుడు అలారం కూడా మోగదు. అందుకే అడ్మిషన్‌లోనే పేస్‌మేకర్ ఉందా అని అడిగి పేస్ మోడ్ (ఆ స్పైక్‌లను మానిటర్ వేరుగా గుర్తించే సెట్టింగ్) ఆన్ చేస్తాను. అయినా వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు గీతను కూడా పక్కనే ఉంచుకుంటాను. రక్తం నిజంగా పారుతోందో లేదో అది చెబుతుంది.

ఇక మానిటర్ వైర్లు తగిలించడానికి ఛాతీకి అంటించే స్టిక్కర్లు. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి. ఒకసారి గీత వణుకుతోందని కేబుల్ మార్చాం, మానిటర్‌లో ఆ కేబుల్ గుచ్చే మాడ్యూల్ మార్చాం. చివరికి చూస్తే ఎవరో ప్యాకెట్ తెరిచి అలాగే వదిలేశారు, స్టిక్కర్లలో జెల్ ఎండిపోయింది. వెంట్రుకలుంటే ట్రిమ్మర్‌తో తీసి, సబ్బునీళ్లతో తుడిచి, పొడి గాజుగుడ్డతో కాస్త రుద్ది అంటించాలి. స్పిరిట్ చర్మాన్ని ఎండగొడుతుంది. వైరు ముందే తగిలించి ఆ తర్వాత ఛాతీకి అంటిస్తే పేషెంట్‌కు నొప్పి ఉండదు, జెల్ పక్కకు పోదు. మా వార్డులో రోజూ ఉదయం స్నానం తర్వాత కొత్తవి వేస్తాం. వైర్ల రంగుల సంగతి కూడా చూసుకోవాలి. ఒక పద్ధతిలో ఎరుపు ఎడమ కాలికి, ఇంకో పద్ధతిలో కుడి చేతికి. రెండు రకాల కేబుళ్లు కలిసిపోయిన చోట రంగును కాదు, క్లిప్పు మీది అక్షరాలను చదవాలి.

పేషెంట్ పళ్లు తోముకుంటుంటే చెయ్యి కదలికకు గీత వణికి వీటీ (ప్రమాదకరమైన వేగపు గుండె లయ) అని మోగడం అందరికీ అనుభవమే. రోజంతా ఇలా దొంగ అలారాలే వింటుంటే అసలుది మోగినప్పుడు కూడా చెవి పట్టించుకోదు. మామూలుగానే 48 కొట్టుకునే మనిషికి కింది హద్దు 50 అని వదిలేస్తే రాత్రంతా మోతే. డాక్టర్‌ను అడిగి హద్దు తగ్గిస్తాను తప్ప అలారం ఆపేయను.

మా వల్ల జరిగిన తప్పు కూడా చెప్పాలి. స్కానింగ్‌కు పంపేటప్పుడు ఒక పేషెంట్ మానిటర్‌ను స్టాండ్‌బైలో (కాసేపు గమనించడం ఆపి ఉంచే స్థితిలో) పెట్టాం. తిరిగొచ్చాక వైర్లు తగిలించాం గానీ స్టాండ్‌బై తీయలేదు. నలభై నిమిషాలు ఎవరూ గమనించలేదు. అదృష్టం బాగుండి ఆయనకేమీ కాలేదు. అప్పటి నుంచి ఎవరు తిరిగొచ్చినా తెర మీద పేరు, కదిలే గీత, అలారం గుర్తు చూశాకే మంచం దగ్గర నుంచి కదులుతాం. ఎంఆర్ఐకి వెళ్లేవాళ్లకైతే మామూలు స్టిక్కర్లన్నీ లెక్కపెట్టి తీసేస్తాం, అవి లోపల వేడెక్కి చర్మం కాలే ప్రమాదం ఉంది.

నా ఫిర్యాదు ఒక్కటే. మోగుతున్న అలారాన్ని ఆపే బటన్, అన్ని అలారాలనూ కాసేపు ఆపేసే పాజ్ బటన్ పక్కపక్కనే ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లు తప్పకుండా ఒక్కసారైనా పొరబడతారు. పాజ్ మీద మేమే ఎర్ర టేపు ముక్క అంటించాం. తుడిచినప్పుడల్లా ఊడుతుంది, మళ్లీ అంటిస్తాం.